తిరుపతి చుట్టుపక్కల వలస గద్దల్ని చూడాలంటే ఒక రోజు ఎట్లా గడపాలి

దసరా అయిపోయి రెండు మూడు వానలు పడినాయంటే చాలు నాకు ఫోన్లు మొదలవుతాయి, అన్నా గద్దల సీజన్ వచ్చేసిందంట కదా, యాడికి పోతే కనిపిస్తాయి, ఎన్ని గంటలకి పోవాల, బైనాక్యులర్ లేకపోతే కుదరదా అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే మొత్తం ఒక చోట రాసి పెడితే మేలని కూర్చున్నా. ఇదంతా చంద్రగిరి, శ్రీనివాస మంగాపురం, ఏర్పేడు పక్క కొన్నేళ్ళుగా తిరిగి, తిరిగేదానికంటే ఎక్కువగా కూర్చొని, నేర్చుకున్నది.

ముందు ఒక సంగతి తేల్చేస్తా. హిమాలయాల అంచుల్లో అయితే అక్టోబర్, నవంబర్ నెలల్లో గద్దలు ఒకదాని వెనక ఒకటి ధారగా పోతా ఉంటాయి, ఆడ జనం కొండ మీద కూర్చొని ఈరోజు ఇన్ని పోయినాయి అని లెక్క రాస్తారు. మన కాడ ఆ మాదిరి ఉండదు. మనది కొన్నిటికి దారిలో తగిలే ఊరు, ఇంకొన్నిటికి చలికాలం గడిపే ఇల్లు. సెప్టెంబర్ ఆఖరు నుంచి ఒక్కొక్కటిగా దిగతాయి, మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి ఖాళీ చేస్తాయి. ఒకేసారి ఆకాశం నిండా కనపడాలని ఆశ పెట్టుకొని వస్తే మధ్యాహ్నానికే విసుగొచ్చి ఇంటికి పోతారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏడెనిమిది రకాలు చూసినారంటే అది మంచి రోజు, నా లెక్కలో చానా మంచి రోజు.

అందుకే నేను అందరికీ చెప్పే మాట ఒక్కటే, తిరగబాకండి, కూర్చోండి. మొదటి ఏడాది నేను బైక్ మీద ఒకే రోజు ఆరు చోట్లకి పోయినా, పెట్రోలు అయిపోయింది గానీ రెండు మామూలు గద్దలు తప్ప ఏమీ చూడలేదు. ఆ తర్వాతి వారం చంద్రగిరి పక్క ఒక చెరువు కట్ట మీద టైరు పంక్చరైంది. రిపేరు చేసే అబ్బోడు వచ్చేదాకా రెండు గంటలు వేపచెట్టు కింద కూర్చోవాల్సి వచ్చింది, ఆ రెండు గంటల్లోనే మూడు రకాలు నా ముందర నుంచి పోయినాయి. గద్దకి రోజూ తిరిగే దారి ఒకటి ఉంటాది, మనం ఒక చోట ఉంటే అదే మన మీదుగా వస్తాది, మనం బండేసుకొని పోయేకొద్దీ అది మన వెనకాల పోయుంటాది.

ఏ నెలలో పోవాల అంటే, మనకి ఈశాన్య రుతుపవనాలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఉంటాయి కాబట్టి ఆ మూడు నెలలు వానతో దోబూచులాటే. తుఫాను పట్టి మూడు రోజులు ముసురు పట్టిందనుకోండి, ఆ ముసురు విడిచిన మొదటి ఎండ రోజు అస్సలు వదులుకోబాకండి, రెక్కలు తడిసి ఆకలితో కూర్చున్నవన్నీ ఆరోజే బయటికొస్తాయి. డిసెంబర్ సగం నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా ఆకాశం నమ్మకంగా ఉంటాది, కొత్తవాళ్ళు అప్పుడు మొదలుపెడితే బాగుంటాది. నవంబర్ 12 పక్షి శాస్త్రవేత్త సలీం అలీ పుట్టినరోజు, దాన్నే దేశమంతా జాతీయ పక్షి వీక్షణ దినంగా జరుపుకుంటారు, ఆరోజు వాన లేకపోతే పిల్లల్ని తీసుకొని పోయేదానికి మంచి సాకు.

సామాన్లకి పెద్ద ఖర్చు పెట్టాల్సిన పని లేదు. బైనాక్యులర్ కొనేటట్లయితే 8×42 అని రాసుండేది తీసుకోండి. 8 అంటే ఎన్ని రెట్లు దగ్గరగా కనిపిస్తాదో అది, 42 అంటే ముందరి అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. 10×42 అయితే ఇంకా పెద్దగా కనిపిస్తాది, దూరంలో ఉన్న గద్దకి అదే మేలని కొందరంటారు, నిజమే గానీ చెయ్యి వణికితే బొమ్మ కూడా అంతే వణుకుతాది, ఎగిరే పక్షిని అద్దంలోకి తెచ్చుకునేది కొత్తవాళ్ళకి కష్టమవుతాది. 20×50 అని బజార్లో చవగ్గా అమ్మేవి మాత్రం కొనబాకండి. ఫోన్లో పక్షిని గుర్తుపట్టేదానికి మెర్లిన్, చూసినవి రాసి పెట్టుకునేదానికి ఈబర్డ్, యాప్‌లు రెండూ ఫ్రీనే, ఇంట్లో వైఫై ఉన్నప్పుడే మన ఏరియా పక్షుల ప్యాక్ డౌన్‌లోడ్ చేసుకోండి, కొండ కింద సిగ్నల్ సరిగా ఉండదు. ఇంగ చిన్న నోట్‌బుక్, పెన్సిలు, టోపీ, కూర్చునేదానికి ఒక పట్ట. పట్ట ఎందుకంటే పది గంటల తర్వాత మీరు చూడాల్సింది నెత్తి మీద, మెడ పైకెత్తి గంటసేపు నిలబడితే రెండ్రోజులు మెడ తిప్పలేరు, వెల్లకిలా పడుకుంటే హాయిగా ఉంటాది. తెల్ల చొక్కా వద్దు, ఆకుపచ్చో మట్టి రంగో వేసుకోండి. నీళ్ళు మనిషికి రెండు లీటర్లు. తిండి ఇంటి నుంచే కట్టుకోండి, నేనైతే రాగి సంగటి ముద్ద, ఊరిబిండి, ఒక సీసాలో మజ్జిగ.

ఇంగ రోజు మొదలుపెడదాం. పొద్దున ఆరున్నరకల్లా మీరు చేన్ల కాడ ఉండాల, కొండ కాడ కాదు. చానామంది ఈడే తప్పు చేస్తారు, గద్దలంటే కొండలే కదా అని తెల్లారకముందే కొండ కిందికి పోయి చలిలో కూర్చుంటారు. పెద్ద గద్దలకి బరువెక్కువ, రెక్కలు కొట్టుకుంటా పైకి పోవాలంటే వాటికి ఒంట్లో శక్తంతా అయిపోతాది, అందుకే ఎండకి రాయి కాగి, వేడిగాలి పైకి లేచేదాకా చెట్టు మీదే కూర్చొని ఉంటాయి. పొద్దున్నే పని మొదలుపెట్టేవి తేలికవి, చేన్ల మీద బతికేవి. కాబట్టి మొదటి రెండు గంటలు చెనక్కాయ పీకేసిన చేన్లు, కోసేసిన వరి కయ్యలు, చెరువు అంచు, కరెంటు తీగలు.

తీగల మీద మొదట కనిపించేది అడవి రామదాసు. పావురమంత ఉంటాది, ఒళ్ళంతా బూడిద తెలుపు, భుజం మీద నల్ల పట్టీ, కన్ను ఎర్రగా నిప్పుకణం మాదిరి. ఇది వలస పక్షి కాదు, ఏడాదంతా మనతోనే ఉంటాది, అయినా దీన్ని బాగా చూసి పెట్టుకోండి, మిగతావాటికి ఇదే కొలత. ఈ పేరు నేను పెట్టింది కాదు, నెల్లూరులో డాక్టరుగా పనిచేసిన జెర్డన్ అనే ఆయన 1800ల్లోనే మన జనం ఏ పక్షిని ఏమంటారో అడిగి రాసుకున్నాడు, అందులో ఉన్న పేరు. ఇప్పుడు మనం అన్నిటినీ గద్ద అనో డేగ అనో అనేస్తున్నాం, ఒకప్పుడు ఒక్కోదానికి ఒక్కో పేరు ఉండేదంటే నాకు చానా బాధేస్తాది. గాల్లో ఒకే చోట రెక్కలు ఆడిస్తా ఆగిపోయి కిందికి చూస్తా ఉండేది ఇంకోటి ఉంది, ఇటుక రంగు వీపు, పొడుగు తోక, అది తొండలమూచి గద్ద, ఇంగ్లీషు పేరు కెస్ట్రెల్, చలికాలం వచ్చేదే. అడవి రామదాసు కూడా అట్లే గాల్లో ఆగుతాది, రంగు చూసి తేల్చుకోండి.

ఇప్పుడు అసలైన చుట్టం గురించి. హ్యారియర్లు అంటారు, జెర్డన్ లెక్కలో పిల్లి గద్ద. కజకిస్తాన్ పక్క గడ్డి మైదానాల్లో గుడ్లు పెట్టి, ఆడ మంచు మొదలవుతానే మన దేశానికొస్తాయి. వీటిని గుర్తుపట్టేది చానా సులువు, ఎందుకంటే మిగతా గద్దలు పైన తిరిగితే ఇవి చేనుకి మనిషెత్తులో, ఒక్కోసారి ఇంకా కిందగా, రెక్కలు రెండూ పైకెత్తి ఆంగ్ల అక్షరం వీ మాదిరి పెట్టుకొని, అటూ ఇటూ ఊగతా, చేను ఈ చివర నుంచి ఆ చివరికి పోయి మళ్ళీ తిరిగొస్తాయి, దుక్కి దున్నినట్టే. మగది తెల్లటి బూడిద రంగు, దూరం నుంచి కొంగేమో అనిపిస్తాది. పాలిడ్ హ్యారియర్ మగదానికి రెక్క చివర నల్లగా సన్నటి మేకు దిగేసినట్టుంటాది, మాంటేగ్యూస్ హ్యారియర్ మగదానికైతే రెక్క చివరంతా నలుపు, దాంతోపాటు రెక్క మధ్యలో నల్లటి గీత ఒకటి అడ్డంగా ఉంటాది. ఆడవి, పిల్లవి గోధుమ రంగు, తోక మొదట్లో తెల్లటి పట్టీ. ఆడవాటిలో ఏది పాలిడ్, ఏది మాంటేగ్యూస్ అని దూరం నుంచి తేల్చేది పెద్ద పండితులకే కష్టం, మీరు నోట్‌బుక్‌లో హ్యారియర్ ఆడది అని రాసుకొని ఊరుకోండి, అది తప్పేం కాదు.

పోయిన జనవరిలో ఏర్పేడు పక్క పీకేసిన చెనక్కాయ చేన్లో గట్టు వెనక కూర్చొని ఉంటే ఒక మగ పాలిడ్ నా వైపే వచ్చింది. నేను కదల్లేదు, బైనాక్యులర్ కూడా ఎత్తలేదు. నలభై అడుగుల దూరంలో టక్కున తోక విప్పి, ఒక రెక్క కిందికి వాల్చి, గాల్లోనే పక్కకి తిరిగి పొడుగు కాళ్ళు చాపి మట్టిలో పడింది. మళ్ళీ లేచినప్పుడు కాలి గోళ్ళ మధ్య మిడత, ఇంకా కాళ్ళు తన్నుకుంటా ఉంది. దాని మొహం అప్పుడు చూసినా, గద్ద మొహం మాదిరి కాదు, గుడ్లగూబ మాదిరి గుండ్రంగా చుట్టూ ఈకల చక్రం. గడ్డి లోపల ఎలుక కదిలే శబ్దాన్ని చెవికి పట్టించేదానికి ఆ చక్రం. పసుపు కన్నుతో నన్ను ఒక్కసారి చూసి, ఏమీ పట్టనట్టు పక్క చేన్లోకి పోయింది.

ఈడ ఇంకో కిటుకు. ఆకాశమంతా మీరొక్కరే వెతకలేరు, వెతికేదానికి వేరేవాళ్ళు ఉండారు, వాళ్ళని చూడండి. పల్లెలో పిల్లల కోడి ఒకటి పెంటదిబ్బ మీద గీరుకుంటా ఉందనుకోండి, దాన్ని ఓ కంట కనిపెట్టండి. ఉన్నట్టుండి గీరేది ఆపేసి, తల ఒక పక్కకి వంచి, ఒక్క కన్నుతో నేరుగా పైకి చూస్తాది, గొంతులో క్ర్ర్ర్ అని సన్నగా ఒక శబ్దం, అంతే, పిల్లలన్నీ దాని రెక్కల కిందో కంప కిందో ఉంటాయి. అది చూసిన దిక్కుకే మీరూ చూడండి, మీ కంటికి చుక్క మాదిరి కూడా కనపడదు, బైనాక్యులర్ పెడితే ఉంటాది. కోడి దగ్గర ఇంతవరకు నేను మోసపోలేదు. కాకులు గుంపుగా గోల చేస్తా ఒకదాన్ని తరుముతా ఉన్నాయన్నా, చెరువులో బాతులు, కొంగలు అన్నీ ఒక్కసారి లేచినాయన్నా, రామచిలకలు అరుపు మార్చి చెట్టు విడిచినాయన్నా పైన ఎవరో ఉన్నట్టే. చెరువు మీద నీటి పిట్టలు లేస్తే ఎక్కువగా అది మార్ష్ హ్యారియర్, తుంగ మీద తిరిగేది.

తొమ్మిది, తొమ్మిదిన్నరకి చేన్ల కాడ నుంచి లేచి కొండ కనపడే చోటికి మారండి. రోజులో మారేది ఈ ఒక్కసారి, సాయంత్రం ఇంకోసారి. నాకు బాగా నచ్చిన చోటు శ్రీనివాస మంగాపురం పక్క చేన్లు. ఎందుకో చెప్తా. శేషాచలం కొండలు మనకి ఉత్తరాన గోడ మాదిరి నిలబడి ఉంటాయి, చలికాలం సూర్యుడు దక్షిణంగా వాలి పోతాడు. అంటే మీరు కొండకి ఎదురుగా కూర్చుంటే ఎండ పొద్దస్తమానం మీ వీపు మీదే ఉంటాది, కంట్లో పడదు, గద్ద ఒంటి మీద ప్రతి ఈక వెలుతురులో కనిపిస్తాది. పైగా ఆ రాతి గోడలకి ఎండ నేరుగా తగిలి, వేడిగాలి ఆ పక్కనే మొదట లేస్తాది. తూర్పు పక్క కూర్చొని పడమర చూసేది, పడమర కూర్చొని తూర్పు చూసేది అని లెక్కలు వేసుకునే అవసరమే లేదు. దేవుడు ఇంత మంచి సీటు వేసి పెట్టినాడు మన తిరుపతోళ్ళకి. ఒక్కటి మాత్రం గుర్తు పెట్టుకోండి, బైనాక్యులర్‌ని పొరపాటున కూడా సూర్యుడి వైపు తిప్పొద్దు, కన్ను పోతాది, పిల్లల చేతికిచ్చేముందు రెండుసార్లు చెప్పండి.

చూసేది ఎట్లాగంటే, ముందు దూరంగా ఉన్న కొండ అంచు మీద ఫోకస్ పెట్టుకొని వదిలేయండి, మళ్ళీ మళ్ళీ తిప్పబాకండి. కొండ అంచు వెంబడి ఎడమ నుంచి కుడికి మెల్లగా, చీర అంచు చూసుకుంటా పోయినట్టు పోవాల, చివరికి పోయినాక రొంత పైకి జరిగి కుడి నుంచి ఎడమకి. తెల్ల మబ్బు ఉంటే మబ్బు ముందర వెతకండి, ఉత్త నీలం ఆకాశంలో కంటికి పట్టు దొరకదు, పక్షి ఎదురుగా ఉన్నా కనపడదు. ఒకటి దొరికినాక పక్కవాళ్ళకి చూపించేది ఇంకో కష్టం, అదిగో ఆడ, అదిగో ఆ పైన అంటా వేలు చూపిస్తే ఎవరికీ దొరకదు. మా వాళ్ళం పిడికిలి లెక్క పెట్టుకున్నాం. చెయ్యి పూర్తిగా చాపి పిడికిలి బిగించి కొండ అంచు మీద పెట్టి చూడండి, ఆ పిడికిలి ఎత్తు ఆకాశంలో దగ్గర దగ్గర 10 డిగ్రీలు, జాన పూర్తిగా చాపితే సుమారు 20. మనిషి పొట్టైనా పొడుగైనా చెయ్యికి తగ్గట్టే పిడికిలి ఉంటాది కాబట్టి లెక్క పెద్దగా తేడా రాదు. సెల్ టవర్‌కి కుడిపక్క ఒక జాన, కొండ అంచుకి పైన రెండు పిడికిళ్ళు అన్నామంటే ఐదు సెకన్లలో అందరి అద్దాల్లోకి వచ్చేస్తాది.

పైన తిరిగేవాటిని గుర్తుపట్టేదానికి రంగు కాదు, ఆకారం చూడండి. మామూలు నల్ల గద్ద తోక చివర చేప తోక మాదిరి చీలి ఉంటాది, గరుడ పక్షికి తోక గుండ్రం, తల తెలుపు, ఒళ్ళు ఎరుపు. ఈ రెండూ రోజూ చూసేవే, వీటిని బాగా నేర్చుకోకుండా ఈగల్స్ జోలికి పోబాకండి, నేను మొదటి ఏడాది స్టెప్పీ ఈగల్ అని రాసుకున్నది తర్వాత ఫోటో చూస్తే పిల్ల నల్ల గద్ద. రెక్కలు కొడవలి మాదిరి సన్నగా, చివర మొనదేలి ఉంటే డేగల్లో ఫాల్కన్ జాతి. రెక్కలు పొట్టిగా గుండ్రంగా, నాలుగుసార్లు గబగబా కొట్టి రొంతసేపు జారి మళ్ళీ కొడితే షిక్రా, మనూరి డేగ. రెక్కలు బల్ల చెక్క మాదిరి వెడల్పుగా, చివర్లో ఈకలు చేతి వేళ్ళ మాదిరి విప్పుకొని ఉంటే అప్పుడు ఈగల్ అనుకోండి.

ఈగల్స్‌లో మన కొండల మీద ఏడాదంతా ఉండేది పాముల్ని తినే సర్పెంట్ ఈగల్, దీన్ని చూసేముందే వింటారు, కీ కీ కీయూ అని ఎక్కడో పైన ఈల, రెక్క కింద వెనక అంచున వెడల్పుగా తెల్ల పట్టీ. బోనెల్లీస్ ఈగల్ జంటగా తిరుగుతాది, చలికాలంలోనే కొండ చరియల్లో గూడు కట్టుకుంటాది. వలసొచ్చేవాటిలో బూటెడ్ ఈగల్ కోసం చూడండి, నల్ల గద్దంత సైజే, గద్దల్లో కలిసిపోయి తిరుగుతాది, కానీ మీ వైపుకి తిరిగినప్పుడు మెడకి రెండు పక్కలా రెక్క మొదట్లో రెండు తెల్ల చుక్కలు, కారు హెడ్‌లైట్లు వేసినట్టు. హనీ బజార్డ్ ఇంకోటి, తేనెపట్టుల్ని దోచేది. తల చిన్నది, పావురం తల తెచ్చి గద్ద ఒంటికి అతికించినట్టు, మెడ సాగి ఉంటాది. తేనెటీగలు కుట్టకుండా దాని మొహం మీద ఈకలు చేప పొలుసుల మాదిరి గట్టిగా ఉంటాయి. వీటిలో కొన్ని మనయే, కొన్ని సైబీరియా పక్క నుంచి వచ్చేవి.

కొండ చరియ పక్కన రాయి విసిరినట్టు ఏదైనా పడిందంటే పెరిగ్రిన్ ఫాల్కన్ జాతి, భైరి డేగ. ప్రపంచంలో ఇంతకంటే వేగంగా పోయే ప్రాణి లేదు, దూకేటప్పుడు గంటకి 300 కిలోమీటర్లు దాటుతాది. దీంట్లో మన కొండల్లోనే ఉండేదాన్ని షాహీన్ అంటారు, పొట్ట ఇటుక రంగు, ఉత్తర ధ్రువం పక్క నుంచి చలికాలం వచ్చేదానికి పొట్ట తెల్లగా, సన్న గీతలు. షాహీన్ గూడు ఎక్కడుందో మీకు తెలిసినా ఎవరికీ చెప్పబాకండి, లొకేషన్ పెట్టబాకండి, డ్రోన్ ఎగరేసేవాళ్ళని దగ్గరికి రానీయబాకండి.

పన్నెండున్నర నుంచి మూడు దాకా అవి చుక్కలంత ఎత్తుకి పోతాయి, చూసి లాభం లేదు, తిని, చెట్టు కింద ఒక కునుకు తీయండి, నోట్స్ సరిచేసుకోండి. టైము, రకం, ఎన్ని, ఏ దిక్కుకి పోయింది, గాలి ఎట్లుంది, ఈ ఐదూ రాయండి. అదే పక్షి తిరిగొస్తే మళ్ళీ లెక్కపెట్టొద్దు. తెలియనిదాన్ని తెలియదు అని రాయండి.

ఈ ఖాళీలోనే జాగ్రత్తలు కూడా చెప్పేస్తా. శేషాచలం అడవి లోపలికి పర్మిషన్ లేకుండా ఒక్క అడుగు కూడా వేయొద్దు. 1989లో శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్క్ అయింది, 2010లో బయోస్ఫియర్ రిజర్వ్, పైగా ఎర్రచందనం అడవి, బ్యాగులేసుకొని లోపల తిరిగేవాళ్ళని ఎవరైనా అనుమానిస్తారు, అనుమానించేది న్యాయమే. నేను చెప్పిన చోట్లన్నీ బయట నుంచి చూసేవే, అడవిలోకే పోవాలంటే తలకోన ఉంది, ఆడ టికెట్ తీసుకొని పోవచ్చు. ఘాట్ రోడ్లో బండి ఆపి చూసేది వద్దు. చిరుత తిరిగే చోట్లు కాబట్టి కొండ అంచుల్లో చీకట్లో ఉండొద్దు. భాకరాపేట, పలమనేరు పక్క అయితే ఏనుగులు ఎక్కడున్నాయో ఊళ్ళో అడిగి తెలుసుకోకుండా కదలొద్దు. అన్నిటికంటే నాకు భయమేసేది అడవి పందుల కోసం కొందరు చేన్ల చుట్టూ లాగే కరెంటు తీగలు, వెలుతురు రాకముందు, చీకటి పడినాక గట్ల మీద నడవబాకండి. చేన్లోకి దిగేముందు రైతుని అడగండి, అన్నా ఈడ కూర్చొని గద్దల్ని చూసుకుంటాం అంటే ఇంతవరకు నన్ను ఎవరూ వద్దనలేదు, చానాసార్లు చెనక్కాయలు కూడా పెట్టినారు.

మూడున్నరకి మళ్ళీ మెట్ట బీళ్ళకి రండి. నవంబర్ నెలలో అయితే తీగల మీద, బీళ్ళ పైన అమూర్ ఫాల్కన్ కోసం వెతకండి, దొరికితే మీ అదృష్టం, నాకు మూడేళ్ళకి ఒకసారి దొరికింది. నూట యాభై గ్రాముల పిట్ట, చేతిలో పెడితే దగ్గర దగ్గర మూడు కోడిగుడ్ల బరువు. సైబీరియా, ఉత్తర చైనా నుంచి బయలుదేరి, నాగాలాండ్‌లో దోయాంగ్ డ్యాము పక్క ఆగి ఒళ్ళు పెంచుకొని, మన దేశం అడ్డంగా దాటి, అరేబియా సముద్రం మీదుగా ఎక్కడా వాలకుండా ఆఫ్రికాకి పోతాది. 2012 దాకా నాగాలాండ్‌లో వీటిని వలలేసి వేలకొద్దీ పట్టేవాళ్ళు, ఆ మరుసటి ఏడాది ఆ ఊళ్ళవాళ్ళే పట్టేది మానేసి కాపలా కాసినారు, 2013లోనే మూడింటికి శాటిలైట్ ట్యాగులు కట్టి నాగా, వోఖా, పాంగ్టి అని పేర్లు పెట్టినారు. మగది బొగ్గు బూడిద రంగు, రెక్క కింద ముందు సగం తెలుపు, కాళ్ళ పైన ఇటుక ఎరుపు. తూనీగల వెంట తిరిగేది, కాబట్టి బీట్లో తూనీగలు గుంపుగా ఉన్నాయంటే ఆడే ఆగండి.

ఐదు దాటినాక చూసేది రోజు మొత్తానికి నాకు ప్రాణం. హ్యారియర్లు రాత్రి చెట్ల మీద పడుకోవు, నేల మీద గడ్డిలో, గుంపుగా పడుకుంటాయి. పగలంతా ఒక్కొక్కటి ఒక్కో ఊరి చేన్లలో తిరిగినవి, పొద్దు వాలేటప్పటికి నడుమెత్తు గడ్డి ఉన్న ఒకే బీడుకి చేరతాయి. కర్నూలు పక్క రోళ్ళపాడు గడ్డి మైదానాలు ఒకప్పుడు దీనికి పెద్ద పేరు. మన కాడ అంత పెద్దవి లేవు గానీ చిన్నవి ఉన్నాయి, దొరికించుకునేదానికి మార్గం ఒకటే, సాయంత్రం హ్యారియర్ వేట మానేసి నేరుగా ఒక దిక్కుకి పోతా ఉంటే ఆ దిక్కు రాసుకోండి, రెండో రోజు ఇంకో ఊరి నుంచి దిక్కు రాసుకోండి, ఆ రెండు గీతలు కలిసే చోట గడ్డి ఉంటాది. దొరికినాక రెండు వందల మీటర్ల కంటే దగ్గరికి పోవద్దు. గట్టు వెనక కూర్చొని కదలకుండా ఉండండి, మొదట ఒకటొచ్చి గడ్డి మీద రౌండు కొడతాది, తర్వాత ఇంకోటి, తెల్లవి, గోధుమవి, వెలుతురు పోయేకొద్దీ తెల్లవే కనిపిస్తాయి, ఒక్కొక్కటీ రెక్కలు పైకెత్తి గడ్డిలో మునిగిపోతాది. అన్నీ దిగినాక లేచి, టార్చి నేల వైపే పెట్టుకొని, గడ్డి వైపు బండి లైటు పడకుండా వెనక్కి తిప్పుకొని రండి.

పులికాట్ సంగతి అడుగుతారు. 2022లో జిల్లాలు మారినాక అది కూడా మన తిరుపతి జిల్లానే, సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు చెరువు మధ్యలో పోతాది, ఫ్లెమింగోల కోసం పోయినప్పుడు పైన మార్ష్ హ్యారియర్లు, చేపలు పట్టే ఆస్ప్రే, ఉల్లంకి పిట్టల వెంటపడే పెరిగ్రిన్ చూడొచ్చు. కానీ దానికి వేరే రోజు పెట్టుకోండి, ఒకే రోజులో రెండూ కలపబాకండి. ఆ దారి చివర ఇస్రో చెక్‌పోస్టు, ఆ పక్క కెమెరా తిప్పొద్దు.

సంక్రాంతి రోజుల్లో మాంజా దారం రెక్కకి చుట్టుకొని పడిపోయిన గద్ద కనపడితే దారం లాగబాకండి, ఇంకా కోసుకుంటాది. నైలాన్ మాంజాని జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్జీటీ) 2017లోనే నిషేధించింది, అయినా దొరకతానే ఉంది. తువ్వాలు పైన కప్పి, గోళ్ళకి జాగ్రత్తపడి, చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో చీకట్లో పెట్టండి, నోట్లో నీళ్ళు పోయొద్దు, అన్నం పెట్టొద్దు, ఫారెస్ట్ వాళ్ళకి గానీ ఎస్వీ జూ పార్కుకి గానీ చేర్చండి.

ఇంగ చివరిది, చానామంది చేయని పని. మార్చి, ఏప్రిల్ నెలల్లో హ్యారియర్లు పూర్తిగా వెళ్ళిపోయినాక, పట్టపగలు, రైతుతో చెప్పి ఆ గడ్డి బీట్లోకి పోండి. అవి పడుకున్న చోట గడ్డి నలిగి చిన్న గుంటలు ఉంటాయి, వాటిలో బొటనవేలంత ఉండలు, బూడిద రంగువి. అవి రెట్టలు కాదు, అరగనిదాన్ని గద్ద నోట్లోంచి కక్కేసే ఉండలు, పెల్లెట్లు అంటారు. నీళ్ళలో నానబెట్టి పుల్లతో విప్పితే లోపల మిడత కాళ్ళు, రంపం మాదిరి పళ్ళతో సహా, ఎలుక వెంట్రుకలు, సన్న దవడ ఎముక. నేను ఒకసారి ఆ బీడు పెద్దాయన ముందరే, ఆయన గోచీ మడిచి కూర్చుంటే, చెనక్కాయ చేట మీద ఎనిమిది ఉండలు విప్పి పెట్టినా. ఆయన ఒక్కొక్క కాలు వేలితో పక్కకి జరిపి లెక్కపెట్టినాడు. ఇదంతా నా చేన్లో మిడతేనా నాయినా అన్నాడు, అవును తాతా అన్నా. అప్పటికే పక్క బీళ్ళన్నీ వానలకి ముందు కొత్త గడ్డి కోసమని నిప్పు పెట్టేసుండారు. ఆయన ఆ మరుసటి చలికాలం నాకు ఫోన్ చేసి, గడ్డి అట్లే ఉంచినా, నిన్న సాయంత్రం తెల్లది ఒకటొచ్చి దిగింది, ఎప్పుడొస్తావు అని అడిగినాడు.